ఆరీ ఆరని మట్టి మీద గీత

ఓరుగల్లు అంటే ఒంటిరాయి. ఏకశిలానగరం అన్న సంస్కృతం పేరు కూడా ఆ రాతిని చూసి పెట్టిందే. వరంగల్ కోట లోపల ఆ గుట్ట ఇప్పటికీ నిలిచే ఉంది. కదలనిదేదైనా ఉందంటే ఇదేననిపిస్తుంది దాన్ని చూస్తే. కానీ వాన పడ్డ ప్రతిసారీ ఈ నేల మీది రాళ్లన్నీ రవ్వంత రవ్వంత కరిగి కుమ్మరివాడ దారి పడుతూనే ఉన్నాయి.

ఇక్కడి రాయి గ్రానైట్. అందులో తెల్లగానో లేత గులాబీగానో మెరిసే పలుకులు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలవడం వల్ల వాననీటికి కాస్త ఆమ్లగుణం ఉంటుంది. ఆ నీళ్లు తరాల తరబడి, యుగాల తరబడి తాకితే ఫెల్డ్‌స్పార్‌లోని పొటాషియం, సోడియం కొట్టుకుపోతాయి. మిగిలేది కేయోలినైట్ అనే బంకమన్ను. రాతిలోని ఇనుము తుప్పుగా మారి ఆ మన్నుకు ఎరుపు పూస్తుంది. చలక నేలల ఎరుపంతా ఆ తుప్పుదే. వాగులు ఆ మన్నును మోసుకొచ్చి చెరువులో దించుతాయి. ముతక ఇసుక చెరువు మొదట్లోనే ఆగిపోతుంది, మెత్తని ఒండ్రు కట్ట దాకా వస్తుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలింది ఈ ఒండ్రునే. కుమ్మరి ఎండాకాలం చెరువు అడుగున గడ్డపార వేసేదీ దీనికోసమే.

కుమ్మరి ఆ మన్నును తొక్కి, సారె మీద తిప్పి, కుండ చేసి, ఆవంలో కాల్చి మళ్లీ రాయిని చేస్తాడు. రాతికీ రాతికీ నడుమ మన్ను కుమ్మరి చేతిలో మెత్తగా ఉండేది కొద్ది రోజులే. ఆ కొద్ది రోజుల్లోనూ కొన్ని గంటలు మాత్రమే మన్ను ఆరీ ఆరకుండా ఉంటుంది. స్గ్రాఫీటో అనే అలంకరణ పద్ధతి మొత్తం ఆ కొన్ని గంటల మీదే ఆధారపడి ఉంది.

ఇటాలియన్‌లో స్గ్రాఫియారే అంటే గీరడం. ఒక రంగు మట్టితో కుండ చేసి, ఇంకో రంగు మట్టిని నీళ్లలో పలచగా కలిపి పైన పూసి, ఆ పూత ఆరీ ఆరకముందే మొనతో గీస్తే కింది రంగు బయటపడుతుంది. పని ఇంతే. రంగు అద్దడం ఉండదు, పైపూతను తీసివేయడమే ఉంటుంది. కుంచెతో వేసిన గీత కుండ పైన కూర్చుంటుంది. గీరిన గీత కుండ ఒంట్లోకి దిగుతుంది. దాన్ని కళ్లతోనే కాదు, వేలితోనూ చూడవచ్చు.

ఆరీ ఆరని దశ అంటే మట్టి లోపల ఏం జరుగుతున్నట్టు?

బంకమన్ను రేణువులు పలచని పలకల్లా ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో 500వ వంతు కంటే చిన్నది. పచ్చి మట్టిలో ఈ పలకల నడుమ నీటిపొర ఉంటుంది. తడిపిన రెండు గాజుపలకలను కలిపి నొక్కి చూడండి. ఒకదాని మీద ఒకటి జారతాయి గానీ విడిపోవు. మట్టి సాగడమూ, సాగి చేసిన ఆకారంలోనే నిలబడడమూ ఆ నీటిపొర వల్లే. సారె మీద ఉన్నప్పుడు మట్టి బరువులో దాదాపు అయిదో వంతు నుంచి నాలుగో వంతు దాకా నీళ్లే. కుండను నీడలో పెడితే నీటిపొర పలచబడుతుంది, పలకలు దగ్గరవుతాయి, కుండ కుదించుకుంటుంది. ఒకచోటికి వచ్చాక పలకలు ఒకదాన్నొకటి తాకుతాయి. ఇక ఎంత నీరు పోయినా కుండ పెద్దగా కుదించుకోదు. పలకల మధ్య సందుల్లో మిగిలిన నీరు మాత్రం ఇంకా పోవలసి ఉంటుంది.

ఆ అంచుకు కాస్త ముందుండేదే మనకు కావలసిన సమయం. కుండను చేతిలోకి తీసుకుంటే వంగదు. గోరు నొక్కితే మాత్రం గుర్తు పడుతుంది. చెంపకు ఆనిస్తే చల్లగా ఉంటుంది. అంతకన్నా పచ్చిగా ఉన్నప్పుడు గీస్తే మొన వెంబడి మట్టి బురదలా లేచి గీతకు రెండు పక్కలా గట్టు కడుతుంది, పైపూత రంగు కింది రంగులో కలిసి మసకబారుతుంది. అంతకన్నా ఎండినప్పుడు గీస్తే పూత పెచ్చులుగా లేచి గీత అంచు రంపపు పళ్లలా విరుగుతుంది. సరైన వేళ గీస్తే కొబ్బరి కోరినట్టు సన్నని చుట్టలుగా మట్టి లేస్తుంది. ఆ చుట్టలను చేత్తో తుడిచేయకుండా మనసు ఆగదు. తుడిస్తే అవి పచ్చి పూతకు అతుక్కుని ఆ గీతను పూడ్చేస్తాయి. కుండ పూర్తిగా ఎండాక మెత్తని కుంచెతో రాలిస్తే చాలు. నోటితో మాత్రం ఊదకూడదు. మట్టి దుమ్ములోని సన్నని సిలికా ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి బయటికి రాదు.

మన కుమ్మరికి ఈ వేళ కొత్తది కాదు. పెద్ద కుండను సారె మీద పూర్తిగా తయారుచేయరు. మూతి, మెడ తీర్చి, అడుగు మందంగా వదిలి, నీడన పెడతారు. ఆరీ ఆరనప్పుడు లోపల రాతి గుండు ఆనించి, బయట చెక్కతో తట్టి తట్టి కడుపును పలచగా సాగదీస్తారు. అంటుకోకుండా మధ్యమధ్య బూడిద చల్లుతారు. చెక్క దెబ్బ చప్పుడులో తేమ తెలుస్తుంది వాళ్లకు. పాలకుర్తి మనిషి పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కుమ్మరి గుండయ్య కథ చెప్పాడు. గుండయ్య కుండలు వాయిస్తుంటే శివుడు ఆడాడట. ఆ కథ ఈ చప్పుడు వినే పుట్టి ఉంటుందని నాకు గట్టి నమ్మకం. స్గ్రాఫీటో నేర్చుకునే పట్నం విద్యార్థికి వారాలు పట్టే మొదటి పాఠం, సరైన తేమను గుర్తుపట్టడం, కుమ్మరి ఇంట్లో పిల్లలకు ఆటలోనే వస్తుంది.

పూత సంగతి అంత తేలిక కాదు. రంగు నచ్చితే చాలదు, పూతా కుండా ఒకే లెక్కన కుదించుకోవాలి. ఇది నేను చేతులు కాల్చుకుని తెలుసుకున్నాను. నల్లని పూతలో ఎర్ర గీతలు బాగుంటాయని ఎర్ర కుండ మీద నల్లరేగడిని నీళ్లలో కలిపి పూశాను. సాయంత్రానికి కుండ ఒళ్లంతా నెర్రెలు. మర్నాటికి పూత పొట్టులా ఊడి కింద పడింది. రేగడిలో ఉండేది వేరే రకం బంకమన్ను, మాంట్‌మొరిల్లోనైట్. దాని పలకలు రెండు రేణువుల మధ్యే కాదు, తమ పొరల లోపలికి కూడా నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, ఎండితే అంతకంత ముడుచుకుంటాయి. వేసవిలో రేగడి చేలో కాలు దిగేంత నెర్రెలు పడేది ఇందుకే. అప్పటికే సగం కుదించుకున్న కుండ మీద అలాంటి మట్టి పూస్తే అది నిలవదు. పైగా కాల్చాక రేగడి నల్లగానూ మిగలదు. దాని నలుపు కాల్చితే నిలిచే నలుపు కాదు.

తెల్లని పూత కావాలంటే సున్నం పూస్తే పోదా అని చాలామంది అడుగుతారు. పెళ్లిళ్లలో ఐరేని కుండల మీద సున్నం గీతలు చూసినవాళ్లకు ఆ ఆలోచన రావడం సహజం. అయితే ఐరేని కుండకు సున్నం పూసేది కాల్చిన తర్వాత. పచ్చి కుండకు పూసి ఆవంలో వేస్తే వేడి 800 డిగ్రీలు దాటిన చోటల్లా అది కాలిన సున్నం అవుతుంది. కుండ బయటికొచ్చాక గాలిలో తేమ తాగి ఉబ్బి, పైపొరను పొక్కులు పొక్కులుగా లేపేస్తుంది. సున్నపురాయి పలుకు కలిసిన ఇటుక వానాకాలం పగలడమూ ఇదే కారణంతో.

తెలుపుకు సరైనది సుద్దమట్టి, అంటే ఇనుము లేని కేయోలిన్. అది దొరకదనుకోనక్కరలేదు. ఒకప్పుడు ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు బొమ్మల పటం గుడ్డకు చింతగింజల జిగురుతో కలిపి పట్టించేది తెల్ల సుద్దమట్టినే. ఎరుపుకు జాజు ఉండనే ఉంది. గోడలకు, గడపలకు పూసే ఆ ఎర్రమన్ను కుమ్మరికి పాతకాలపు తోడు. కుండకు ఎర్రని మెరుపు రావడానికి కాల్చకముందే జాజు నీళ్లు పట్టిస్తారు. అంటే స్గ్రాఫీటోకు కావలసిన రెండో మట్టి కూడా మన కుమ్మరి చేతిలో ఎప్పటినుంచో ఉంది. పూసిన జాజు మీద గీయడం ఒక్కటే మిగిలింది.

జాజును తేర్చడంలో ఒక చక్కని భౌతికశాస్త్రం ఉంది. బానెడు నీళ్లలో జాజు కలిపి వదిలేస్తే ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది. రేణువు వ్యాసం సగమైతే అది నీళ్లలో దిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుందని స్టోక్స్ సూత్రం. అందుకే అతి మెత్తని రేణువులు రోజంతా నీళ్లలోనే తేలుతూ ఉంటాయి. ఆ పైనీళ్లను కదపకుండా వంచుకుని చిక్కబరిస్తే వెన్నలాంటి పూత వస్తుంది. క్రీస్తుకు పూర్వం ఆరో శతాబ్దంలో ఏథెన్స్ కుమ్మరులు ఇలా తేర్చిన మట్టినే పూసి నల్లని బొమ్మలు దిద్ది, వాటిలో కళ్లూ వెంట్రుకలూ వస్త్రాల మడతలూ మొనతో గీరి ఎరుపు బయటపెట్టారు. పదో శతాబ్దంలో ఇరాన్‌లోని నిషాపూర్‌లో, సాంగ్ వంశ కాలంలో ఉత్తర చైనాలోని సిజౌ కుమ్మరుల దగ్గర, పదిహేనో శతాబ్దపు ఇటలీలో ఈ పద్ధతే రకరకాలుగా పండింది. పేరు ఇటలీదైనా పని ఏ ఒక్క దేశానిదీ కాదు.

మన దేశంలో దీనికి దగ్గరి బంధువు నిజామాబాద్ నల్ల కుండ. మన నిజామాబాద్ కాదు, ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాది. అక్కడ ఎండిన పాత్రకు మెత్తని మట్టిపూత పట్టించి, ఆవనూనె రుద్ది, పుల్లలతో పూలు తీగలు గీసి, పొగలో నల్లగా కాల్చి, ఆ గీతల్లో వెండిలా మెరిసే లోహపు పొడి నింపుతారు. 2015లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో పెంబర్తి లోహపు పనికీ, చేర్యాల పటానికీ, వరంగల్ జంపఖానాకీ అలాంటి గుర్తింపులు ఉన్నాయి. ఇంత మంచి మట్టి ఉన్నచోట కుండకు మాత్రం ఆ వరుసలో చోటు లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఈ నేల మీద కుండను గీరడం ఇప్పటి మాట కూడా కాదు. ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో, దామరవాయి దగ్గర, పెద్ద పెద్ద రాతిపలకలతో కట్టిన సమాధులున్నాయి. జనం వాటిని రాకాసి గుళ్లంటారు. దక్కనులో ఇలాంటి బృహత్ శిలాయుగపు సమాధుల్లో చనిపోయినవారితో పాటు ఇనుప పనిముట్లు, కుండలు పెట్టేవారు. ఆ కుండల్లో కొన్నింటి భుజాల మీద గీరిన గుర్తులుంటాయి. నిచ్చెన, బాణపు మొన, త్రిశూలం, నక్షత్రం వంటివి. నిజాం రాజ్యపు పురావస్తు శాఖకు తొలి అధిపతి గులాం యజ్దానీ 1917లోనే ఈ గుర్తుల మీద వ్యాసం రాసి, వాటిలో కొన్ని బ్రాహ్మీ అక్షరాలను పోలి ఉన్నాయని చూపించాడు. 1960లో బి.బి. లాల్ వాటిని సింధు నాగరికత గుర్తులతో పోల్చాడు. అవి కుమ్మరి గుర్తులా, ఇంటి గుర్తులా, వంశపు గుర్తులా, రాతకు తొలి అడుగులా అన్న వాదం వందేళ్లు దాటినా తెగలేదు.

ఆ గీతలు చూసి అవి ఎప్పుడు పడ్డాయో చెప్పడానికి ఇంతకుముందు చెప్పుకున్న తేమ పాఠమే ఉపయోగపడుతుంది. పచ్చి మీద గీస్తే అంచుల్లో చిన్న గట్టు ఉంటుంది, గీత అడుగు నున్నగా ఉంటుంది. ఎండాక గీస్తే అంచు పొడిబారి ఉంటుంది. కాల్చాక గీస్తే అంచుల వెంబడి పెచ్చులు లేస్తాయి, గీతలోని రంగూ పైరంగూ వేరుగా కనిపిస్తాయి. బృహత్ శిలాయుగపు గుర్తుల్లో చాలావరకు కాల్చాక గీసినవే. అంటే ఆ గీత కుమ్మరి చేతిలో పడింది కాకపోవచ్చు, కొని ఇంటికి తీసుకెళ్లినవాళ్లు గీసుకున్నదైనా కావచ్చు. వేల ఏళ్ల కిందటి చెయ్యి ఎవరిదన్న ప్రశ్నకు గీత అంచులోని పెచ్చు సాక్ష్యం చెబుతోంది.

ఆ కుండలు చాలావరకు నలుపూ ఎరుపూ కలిసినవి. లోపలా మూతి దగ్గరా నలుపు, కింద ఎరుపు. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వకాల్లో మార్టిమర్ వీలర్ వీటిని శ్రద్ధగా పరిశీలించాడు. బోర్లించి కాల్చడం వల్ల ఇలా రెండు రంగులు వస్తాయని ఎక్కువమంది ఒప్పుకున్న వివరణ. మూతి బూడిదలోనో పొట్టులోనో కూరుకుపోతే లోపలికి గాలి అందదు. గాలి తగిలినచోట ఇనుము ఆక్సిజన్‌తో కలిసి ఎర్రని హెమటైట్ అవుతుంది. అందనిచోట ఇనుము నల్లని మాగ్నటైట్‌గా మారుతుంది, పొగలోని మసి కూడా మట్టి రంధ్రాల్లో దిగుతుంది. మట్టి ఒకటే, ఆవమూ ఒకటే. రంగులు మాత్రం రెండు. స్గ్రాఫీటో చేసేవాళ్లు రంగుల డబ్బా కొనే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎర్ర జాజు పూసి గీసిన కుండను గాలిలో కాలిస్తే ఒక బొమ్మ, పొగలో కాలిస్తే మరో బొమ్మ.

మంట దగ్గర తొందర పనికిరాదు. ఎండినట్టు కనిపించే కుండలోనూ సందుల్లో నీరుంటుంది. 100 డిగ్రీల దగ్గర అది ఆవిరైతే దాని ఘనపరిమాణం సుమారు 1,600 రెట్లవుతుంది. దారి దొరక్కపోతే కుండ పేలుతుంది. 500 డిగ్రీలు దాటాక మట్టి రేణువుల లోపల రసాయనికంగా కట్టుబడి ఉన్న నీరు పోతుంది. శుద్ధ కేయోలినైట్ బరువులో అది 14 శాతం దాకా ఉంటుంది. అది పోయిన మట్టిని మళ్లీ నానబెట్టి ముద్ద చేయలేం. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ తన స్ఫటిక రూపం మార్చుకుని ఒక్కసారి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. ఆవం చల్లారకముందే విప్పితే కుండలు టప్పున పగిలేది ఇక్కడే. పల్లె ఆవాల్లో వేడి సాధారణంగా 600 నుంచి 850 డిగ్రీల మధ్య ఉంటుంది. కుండ గట్టిపడడానికి అది చాలు. కానీ రంధ్రాలు మూసుకుపోవు.

ఆ రంధ్రాలే కుండకు ప్రాణం. 1213 నాటి రామప్ప గుడి శిఖరానికి వాడిన నీళ్లలో తేలే ఇటుకల గొప్పతనమంతా వాటిలోని రంధ్రాలదే. కుండ నీళ్లు చల్లబడేదీ రంధ్రాల వల్లే. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 580 కేలరీల వేడి లాక్కుంటుంది. బయటి వేడి లోపలికి చేరకుంటే, లీటరు నీళ్లలో పది గ్రాములు చెమర్చి ఆవిరైతే చాలు, మిగతా నీళ్లు అయిదారు డిగ్రీలు చల్లబడతాయి. మెత్తగా తేర్చిన పూత ఈ రంధ్రాలను కొంత మూస్తుంది. అందుకని నీళ్ల కుండకు, రంజనుకు స్గ్రాఫీటో చేయాలనుకుంటే భుజం మీద పట్టీలా మాత్రమే పూత పూసి గీయాలి, కడుపును చెమర్చడానికి వదిలేయాలి. అందం మెడలో హారంలా ఉంటుంది, పని పనిలా సాగుతుంది.

గాజుపూత విషయంలో మాత్రం నేను గట్టిగా చెబుతాను. పాత ఇటలీ, బైజాంటియం స్గ్రాఫీటో పళ్లేల మీది మెరుపు సీసం కలిసిన గాజుపూతది. తక్కువ వేడిలో కరుగుతుందని ఇప్పటికీ కొన్నిచోట్ల దాన్ని వాడతారు. చింతపులుసు, పెరుగు, నిమ్మరసం తగిలితే ఆ సీసం కూరలోకి దిగుతుంది. పిల్లల మెదడుకు సీసంలో క్షేమకరమైన మోతాదు అంటూ లేదు. మెరిసే మట్టిపాత్రలో చారు కాచే ముందు ఆ మెరుపులో ఏముందో అమ్మేవారిని అడగాలి. మెరుపు లేని జాజు కుండకు ఆ భయం లేదు.

ఇంట్లో చేసి చూడాలనుకునేవారికి పెద్ద సరంజామా అక్కరలేదు. మొనకు ఈత ముల్లు, సైకిలు పుల్ల, వెదురు చీలిక ఏదైనా పనికొస్తుంది. ముందుగా కుండమట్టితో, పూత మట్టితో విడివిడిగా చిన్న పలకలు చేసి, పచ్చిగా ఉన్నప్పుడు ఒక్కోదాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఎండాక కొలవండి. రెండు గీతలూ దాదాపు ఒకే పొడవుకు కుదించుకుంటే పూత నిలుస్తుంది. తేడా ఎక్కువుంటే పూతలో కొంచెం కుండమట్టినే తేర్చి కలపండి. పూత మందం మిల్లీమీటరు దాటనివ్వకండి. పూత తడి మెరుపు పోయి, వేలు తాకితే అంటుకోని క్షణం కోసం చూడండి.

హనుమకొండ, కాజీపేట, వరంగల్ దారుల పక్కన వేసవి వచ్చిందంటే కుండలు వరుసగా పేరుస్తారు. అవన్నీ కాలినవి. మీకు కావలసింది కాలనిది. ఈసారి కుండ కొనేటప్పుడు కుమ్మరి ఇంటి దాకా వెళ్లండి. ఆరీ ఆరని కుండ ఒకటి, పిడికెడు జాజు అడగండి. దానికి కాలిన కుండ ధర కన్నా ఎక్కువే ఇవ్వండి. గీసిన తర్వాత మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లి, తన ఆవంలో దానికి కాస్త చోటు ఇమ్మనండి.